నలభై రెండో పేరు

పాత మిల్లు వెనక వీధి, మూడో ఇల్లు, కింది వాటా
జనవరి 11

చెల్లికి,

నేనెవరో మర్చిపోయి ఉంటావు కాబట్టి ముందు అది చెప్తాను. నా అసలు పేరు కార్డుల మీద తప్ప ఇంకెక్కడా లేదు. ఈ వీధిలో నన్ను గయ్యాళక్క అంటారు. ఎదురుగానే అంటారు, నేనూ పలుకుతాను. వయసు డెబ్బై తొమ్మిది. మీ పెదనాన్న పెద్దకూతుర్ని. మొగుడు పోయి పద్దెనిమిదేళ్ళు. ఇంట్లో నేనూ, కొడుకూ, కోడలూ, పని చేయని ఒక కుట్టు మిషనూ ఉన్నాం. నాకు చదువు రాదు. ఈ ఉత్తరం నా కొడుకు రాస్తున్నాడు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. "కుట్టు మిషను సంగతి కూడా రాయాలా అమ్మా?" అంటున్నాడు. రాయాలి.

ఫోను చేయొచ్చు కదా అంటావేమో. నా చెవులకి ఫోను పనికిరాదు. నీ అడ్రసు సంఘం వాళ్ళు వెతికి ఇచ్చారు.

విషయం ఇది. మిల్లు మూతపడి ఎన్నేళ్ళయినా సంఘం బతికే ఉంది. ఆ పెద్ద సమ్మెకి ఈ ఏడు డెబ్బై ఏళ్ళు నిండుతాయని పాత గేటు దగ్గర ఒక రాయి నిలబెడతారట. సమ్మెలో ఉద్యోగాలు పోయిన నలభై ఒక్కమంది పేర్లు దాని మీద చెక్కుతారు. మొదటి పేరు మా నాన్నది. ఆవిష్కరణ రోజు నా కొడుకు వేదిక ఎక్కి తాత గురించి మాట్లాడాలి. ఇప్పట్నుంచే అద్దం ముందు నిలబడి చెప్పుకుంటున్నాడు. (ఇది రాయనని మొరాయించాడు. రాయించాను.)

పేర్ల కింద ఒక వాక్యం కూడా ఉంటుంది. కార్యదర్శి వచ్చి చదివి వినిపించాడు. "గెలుపు గుమ్మం దాకా వచ్చిన సమ్మెను బాయిలర్ గది ద్రోహి ఒక్క కూతతో అమ్మేశాడు." ఆ బాయిలర్ గది మనిషి మీ నాన్న. నాకు బాబాయి. నీకు తెలియకుండా చెక్కడం మర్యాద కాదని రాయిస్తున్నాను. జూన్ నెలలో చెక్కడం మొదలుపెడతారు.

ఆ ఒప్పందం నీకు గుర్తుందో లేదో. సమ్మె జరిగినన్నాళ్ళూ, బాయిలర్ గదిలో గొలుసు లాగితే వచ్చే ఆ మిల్లు కూత ఉండకూడదు. యజమానులు దిగొచ్చి రాజీ కుదిరితే ఒక్క పొడుగు కూత. అది వినగానే అందరూ లోపలికి రావాలి. రాజీ కుదరకముందే కూత వినపడింది. అందరికీ తెలిసింది అంతే. నేనప్పుడు ఇంట్లో ఉన్నాను, నాకూ అంతే తెలుసు.

బాబాయి మంచివాడు కాదని నేను అనలేదు. మసి పట్టిన మొహంలో రెండు తెల్లటి కళ్ళు, నాకు ఆయన అలాగే గుర్తు. చలికాలం నా గౌను ఆవిరి గొట్టం మీద పరిచి, వెచ్చబడ్డాక తొడిగేవాడు. మధ్యాహ్నం కూత నా చేత లాగించేవాడు. ముందు రెండు చెవుల్లోనూ దూది కుక్కేవాడు. తరవాత నడుము పట్టుకుని పైకెత్తి "ఊఁ, ఊరిని అన్నానికి పిలువు" అనేవాడు. నేను గొలుసు లాగితే మూడు వీధుల్లో జనం కదిలేవారు. నన్ను ఆ తరవాత ఎవరూ అంత ఎత్తుకి ఎత్తలేదు.

ఇంకొక సంగతి. మా నాన్న వయసులో ఉన్నప్పటి ఫొటో మా దగ్గర లేదు. బాయిలర్ గది ముందు అన్నదమ్ములిద్దరూ నిలబడి తీయించుకున్నది మీ ఇంట్లో ఉండాలి. పంపు. కాపీ తీసి వెనక్కి పంపిస్తాం.

అక్క

*

వంతెన అవతలి వీధి, మేడమీది గది
జనవరి 30

గౌరవనీయులైన మీకు,

మీ ఉత్తరం అందింది. చెప్పి చెక్కుతున్నందుకు సంతోషం.

ఫొటో ఉంది. పంపను. పంపితే సగానికి కోస్తారు.

అడిగారు కాబట్టి మా సంగతులు చెప్తాను. అడగలేదులెండి, అయినా చెప్తాను. ఇక్కడికి వచ్చాక నాన్న కలప అడితిలో దుంగలు మోశారు. ఇరవై ఆరేళ్ళు మోశారు. మిల్లుల్లో పనికి వెళ్ళలేదు, పిలిచినా వెళ్ళలేదు. అమ్మ ఇళ్ళల్లో గిన్నెలు తోమింది. నేను పంతొమ్మిదో ఏట ఒక స్పిన్నింగ్ మిల్లులో చేరాను. రెండో వారమే అక్కడెవరో నన్ను గుర్తుపట్టారు. ఆ రోజు మధ్యాహ్నం భోజనాల గదిలో నేను కూర్చున్న బల్ల దగ్గర్నుంచి ఆడవాళ్ళందరూ లేచి వెళ్ళిపోయారు. నేను కారియరు మూత పెట్టేసి బయటికొచ్చాను. తరవాత నర్సు చదువు చదివి, ఆసుపత్రిలో పని చేసి, రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. చూడటానికి వచ్చినవాళ్ళు మా నాన్న ఏ మిల్లులో చేసేవారని అడిగేవాళ్ళు.

నాన్న ఆ రోజు గురించి అన్న మాట ఒకటే. "చెయ్యి జారింది." అంతకుమించి ఎన్నడూ చెప్పలేదు. కానీ మీ ఊరి మనిషి ఎవరు కనపడినా ఒక ప్రశ్న అడిగేవారు. "మా అన్న కూతురికి చెవి బాగుందా?" అన్న ఎలా ఉన్నాడని కాదు, ఇల్లు ఎలా ఉందని కాదు. చెవి. ఎందుకో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ రోజుల్లో నాన్నకి కారియరు తీసుకెళ్ళేది మీరేనని అమ్మ చెప్పేది. ఆ రోజు కూడా వెళ్ళారా? ఆ గదిలో ఇంకెవరైనా ఉన్నారా? మీరేం చూశారు?

నాకు డెబ్బై ఏడు. ఇంకోసారి అడిగే ఓపిక లేదు.

ఇట్లు,
మీ పినతండ్రి కూతురు

*

మిల్లు వెనక వీధి, కింది వాటా
ఫిబ్రవరి 17

ఏమే,

నన్ను మీరంటావా? గౌరవనీయులట! నీ తలలో పేలు చూసింది నేను. నీ ముక్కు తుడిచింది నేను. స్పిన్నింగ్ మిల్లు ఆడవాళ్ళు లేచి వెళ్తే వెళ్ళారు, నువ్వెందుకు లేచావు? ఆ బల్ల మీద కాళ్ళు చాపుకుని తినాల్సింది. నేనుంటే వాళ్ళ జుట్లు పట్టుకునేదాన్ని.

ఇక నీ ప్రశ్న. ఆ రోజు నాకు జ్వరం. నేను అక్కడికి వెళ్ళలేదు. ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాను. కారియరు ఎవరు తీసుకెళ్ళారో నాకు తెలియదు. చెవి సంగతి ఎందుకెత్తావు? ముసలిదాన్ని, చెవులు పోక ఏమవుతాయి? నీ మోకాళ్ళు బాగున్నాయా? నేను అడిగానా?

ఫొటో పంపకపోతే మానెయ్. నీ గోడకి తగిలించుకో.

ఒకటి మాత్రం చెప్తాను, శ్రద్ధగా విను. నా కొడుకు ముత్యాల్లాంటి రాత రాస్తాడు. వచ్చిన ఉత్తరమూ వాడే చదువుతాడు. నాకు వినపడాలి కాబట్టి గొంతెత్తి చదువుతాడు. ఈ ఇంటి గోడలు పలచన. వంటింట్లో కోడలికీ, పై వాటా వాళ్ళకీ, వీధి కుళాయి దగ్గర నిలబడ్డవాళ్ళకీ నీ ఉత్తరం ఒక్కసారే అందుతుంది. నువ్వు నర్సువి, తెలివైనదానివి. ఇంతకంటే నేను చెప్పను.

అక్క

*

వంతెన అవతలి వీధి, మేడమీది గది
మార్చి 5

అక్కా,

మోకాళ్ళు బాగాలేవు. అడిగావుగా. మెట్లు పద్దెనిమిది, ఎక్కేటప్పుడు ఇరవై ఎనిమిది అవుతున్నాయి.

నువ్వు కోప్పడ్డాక ఆ పాత సంగతులు ఎత్తకూడదనుకున్నాను. పోయినవాళ్ళు పోయారు. మీ అబ్బాయి రాత నిజంగానే బాగుంది, నా మాటగా చెప్పు.

ఆ కోపానికి నీకు బీపీ ఉండే ఉంటుంది, మాత్రలు ఎవరు తెస్తున్నారు? నువ్వే వెళ్ళి తెచ్చుకో, కాస్త నడిచినట్టుంటుంది. వెళ్ళినప్పుడు అక్కడ స్టూలు మీద కాసేపు కూర్చో. మందుల షాపు వాళ్ళు ఎంత పనికొచ్చే మనుషులో నేను ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు చూశాను. డాక్టర్ల రాతే చదవగలిగినవాళ్ళు ఎవరి రాతైనా చదువుతారు. చదివింది అక్కడే మర్చిపోతారు కూడా.

చెల్లి

*

మూడు వీధుల కూడలి, మందుల షాపు
మార్చి 26

చెల్లీ,

నీ ఉత్తరం నా కొడుకు చదువుతుంటే నాకు నవ్వాగలేదు. "మెట్ల గురించి నవ్వెందుకమ్మా?" అన్నాడు.

ఇది రాస్తున్నది మందుల షాపావిడ. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా ఇక్కడికి ఎవరూ రారు. నేను గట్టిగా మాట్లాడతానని షట్టరు సగం దించింది. ఈవిడకి వీధిలో అందరి రోగాలూ తెలుసు, ఒక్కటి ఇంకొకరికి చెప్పగా నేను వినలేదు. నాకు వినపడదు కాబట్టి వినలేదేమో అంటోంది. ఇలాంటి మనిషి.

నేను ఆ రోజు అక్కడే ఉన్నాను.

ఇది చెప్పేస్తే మిగతాది తేలికగా వస్తుందనుకున్నాను. రావడం లేదు.

సరే. సమ్మె ఇరవై మూడో రోజు. మా ఇంట్లో పొయ్యి వెలిగి రెండు రోజులైంది. మీ ఇంట్లోనూ అంతే. బాయిలరు పూర్తిగా చల్లారితే మళ్ళీ వేడెక్కడానికి మూడు రోజులు పడుతుందని, గెలిచిన రోజే పని మొదలవ్వాలని, సంఘమే బాబాయిని లోపల ఉంచింది. నిప్పు దగ్గర నిలబడే మనిషి పడిపోకూడదని తలా ఒక పిడికెడు వేసి ఆయన కారియరు నింపేవాళ్ళు. అది మోసేదాన్ని నేను. దారిలో మూత తీయకుండా మోసేదాన్ని. ఆ వయసులో నాకు అదొక గొప్ప.

ఆ పొద్దున మా అమ్మని అడిగాను, పొయ్యి ఎప్పుడు వెలిగిస్తావని. అప్పటికి పదిసార్లు అడిగుంటాను. "కూత వినపడ్డాక వెలిగిస్తా, పో" అంది. నేను నమ్మాను. కూత వస్తే పొయ్యి వెలుగుతుంది. కూతకి ముందు పెద్దవాళ్ళు కూర్చుని తేల్చుకోవాల్సినవి చాలా ఉన్నాయని తొమ్మిదేళ్ళ దానికి ఎవరు చెప్పారు? గొలుసు ఎక్కడుందో నాకు తెలుసు. ఎలా లాగాలో ఊళ్ళో బాబాయి తరవాత నాకే తెలుసు. ఈ పని వీళ్ళెవరూ ఎందుకు చేయడం లేదా అనుకున్నాను.

నేను వెళ్ళేసరికి బాబాయి బొగ్గు కోసం వెనక పెరట్లోకి వెళ్ళాడు. ఎత్తుకునే మనిషి లేడు. బకెట్టు బోర్లించి ఎక్కాను. రెండు చేతులతో గొలుసు పట్టుకుని కాళ్ళు వదిలేశాను. ఆ రోజుల్లో నా బరువెంత? అయినా పలికింది. ఎంతసేపు వేలాడానో తెలియదు. చెవుల్లో దూది లేదు.

ఆయన పరుగెత్తుకొచ్చి నడుము పట్టుకుని దించాడు. కొడతాడనుకున్నాను. "చెవులు నొప్పెడుతున్నాయామ్మా?" అని అడిగాడు. ఆ మాట నాకు వినపడలేదు, పెదాలు చూసి తెలుసుకున్నాను. కుడి చెవి ఆ రోజు పోయింది. ఎడమది వయసుతో పాటు పోయింది. మీ నాన్న ఎందుకు అడిగేవాడో తెలిసిందా?

కిటికీలోంచి చూస్తే గేటు నిండా జనం. ఆరువందల మంది లోపలికి పరుగెత్తుతున్నారు. ఒకళ్ళనొకళ్ళు వాటేసుకుంటున్నారు. ఆడవాళ్ళు చెప్పులు ఊడిపోతున్నా ఆగడం లేదు. అది చూసి బాబాయి మొహంలో రంగు పోయింది. మసి కింద నుంచి కూడా కనపడింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని నా భుజాలు పట్టుకున్నాడు. నాకు అర్థమయ్యేలా నోరు పెద్దగా కదుపుతూ అన్నాడు. "నీకు ఇవాళ జ్వరం. నువ్వు ఇక్కడికి రాలేదు. వెనక తలుపు నుంచి ఇంటికి పో."

నేను పోయాను. ఫిబ్రవరిలో నీకు రాయించిన జ్వరం అదే. ఆయన నా నోట్లో పెట్టిన మాటని ఇన్నేళ్ళూ నేను నములుతూనే ఉన్నాను.

ఇంటికి వెళ్ళేసరికి మా అమ్మ పొయ్యి వెలిగించింది. కూత విన్న సంతోషంలో పక్కింటి నుంచి అడిగి తెచ్చి వండింది. నేను తిన్నాను. రెండోసారి అడిగి పెట్టించుకుని తిన్నాను.

తరవాతది నీకూ తెలుసు. లోపల ఆఫీసు గదిలో యజమానులతో మాట్లాడుతున్న మా నాన్న, కూత విని బయటికొచ్చి, వెనక్కి రండి వెనక్కి రండి అని అరిచాడట. అప్పటికే జనం మెషీన్ల దగ్గర నిలబడ్డారు. ఇన్ని రోజుల ఆకలి మీద ఒకసారి మెషీను మీద చెయ్యి పడ్డాక ఎవరు వదుల్తారు? వచ్చినవాళ్ళు వచ్చినట్టే పని చేయండి, రాజీ ఏమీ లేదన్నారు యజమానులు. సాయంత్రానికి నలభై ఒక్కమందిని గేటు బయట నిలబెట్టారు.

మా ఇంటి ముందు వీధిలో మా నాన్న అడిగాడు, ఎవరు లాగారని. "నేనే" అన్నాడు బాబాయి. ఎందుకన్నాడు మా నాన్న. "చెయ్యి జారింది" అన్నాడు. గొలుసు మీద చెయ్యి జారుతుందా అని వీధంతా అరిచింది. మా నాన్న ఆయన మొహాన ఉమ్మాడు. నేను తలుపు వెనక ఉన్నాను, ఎడమ చెవి తలుపుకి ఆనించి ఉన్నాను. నోరు తెరిస్తే సరిపోయేది. ఈ వీధిలో నా నోటికి భయపడని మనిషి లేడు ఇవాళ. ఆ రోజు తెరవలేదు. మర్నాడు పొద్దున మీ బండి కదిలింది.

పెద్దయ్యాక చెప్దామనుకున్నాను. మా నాన్న తమ్ముడి మీద కోపంతోనే నిటారుగా నడిచాడు. అది తీసేస్తే పడిపోతాడనిపించింది. ఆయన పోయాక మా ఆయనకి చెప్దామనుకున్నాను. ఆయన నన్ను నాయకుడి కూతురని చేసుకున్నాడు. ఇప్పుడు నా కొడుకు. ఎప్పుడూ ఎవరో ఒకరు అడ్డు. నిజానికి అడ్డు నేనే.

ఏం చేయమంటావో చెప్పు. అలిసిపోయానే. ఈ ఉత్తరానికి జవాబు షాపు అడ్రసుకి రాయి.

అక్క

*

వంతెన అవతలి వీధి, మేడమీది గది
ఏప్రిల్ 14

అక్కా,

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. మొదటి మూడు రోజులు నిన్ను తిట్టాను. గది మధ్యలో నిలబడి పైకే తిట్టాను, కింద వాటా వాళ్ళు పైకి వచ్చి ఏమైందని అడిగారు. రెండోసారి పెట్టించుకుని తిన్నానని రాశావు చూడు, అక్కడే ఆగిపోయేదాన్ని. మర్నాడు బండి మీద మేం ముగ్గురం ఏమీ తినలేదు. అమ్మ ఒడిలో ఖాళీ సత్తు గిన్నెలు ఒకదాంట్లో ఒకటి చప్పుడు చేస్తుంటే, నాన్న మధ్యలో గుడ్డ పెట్టారు.

నాలుగో రోజు నవ్వొచ్చింది. బకెట్టు బోర్లించావా? ఆ బకెట్టు మీద కూర్చున్నందుకు నన్ను కోప్పడేదానివి, నీ గౌనుకి మసి అంటుతుందే అని.

తరవాత ఆలోచించాను. నీకు తొమ్మిది, నాకు ఏడు. పెద్దమ్మ ఆ మాట నాతో అన్నా నేనూ లాగేదాన్నే. కాకపోతే నాకు గొలుసు అందేది కాదు.

అమ్మ ఆ "చెయ్యి జారింది"ని ఒక్కనాడూ నమ్మలేదు. ఒక్కనాడూ అడగనూ లేదు. అమ్మ పోయిన రోజు నాన్న అన్నారు, "మీ అమ్మకి చెప్పాల్సింది" అని. ఏమిటి నాన్నా అంటే లేచి చొక్కా వేసుకుని పనికి వెళ్ళిపోయారు. అమ్మ ఇంకా ఇంట్లోనే ఉంది. ఆయన మీద నాకున్న కోపంలో అది ఒకటి. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. మా ముగ్గురి బతుకూ ఆయన ఒక్క మాటతో ఇచ్చేశారు. మమ్మల్ని అడగలేదు. అడిగుంటే అమ్మ సరేననేదేమో. నేను అనేదాన్ని కాదు.

నిన్ను క్షమించానా అని అడగకు. ఆ పని ఆయన అక్కడికక్కడే చేసేశారు, నాకేమీ మిగల్చలేదు.

నాకు కావాల్సింది రాయి మీద ఆ వాక్యం పడకపోవడం. దానికి నీ నోటిమాట చాలదు, సంఘానికి కాగితం ఇవ్వాలి. ఆ కాగితం మందుల షాపావిడ రాస్తే నేనొప్పుకోను. ఆవిడ మంచిదే, ఈ ఉత్తరం నీకు చదువుతున్నందుకు నా నమస్కారం చెప్పు. కానీ మీ అబ్బాయి రాయాలి. ఊళ్ళో ఎవరు ఏమనుకున్నా నీకు లెక్కలేదని నాకు తెలుసు. నీకు భయం ఉన్నది ఆ ఒక్క మొహం ముందే. ఆ మొహం చూస్తూ చెప్పు.

చెప్పలేకపోతే ఉత్తరం రాయకు. రాయి చెక్కేశారని సంఘం వాళ్ళ దగ్గరే తెలుసుకుంటాను.

చెల్లి

*

మిల్లు వెనక వీధి, మూడో ఇల్లు, కింది వాటా
మే 21

మిల్లు కార్మికుల సంఘం కార్యదర్శికి,

నాయనా, నువ్వు జనవరిలో మా ఇంటికి వచ్చి, నాయకుడి కూతురివమ్మా అని నా కాళ్ళకి దండం పెట్టావు. ఆ రోజు సంగతి చెప్పమన్నావు. నాకు గుర్తులేదన్నాను. అబద్ధం చెప్పాను. ఇప్పుడు చెప్తున్నది రాసుకో.

సమ్మె ఇరవై మూడో రోజున మిల్లు కూత లాగింది నేను. ఇరవై మూడు కాదు, ఇరవై నాలుగు అంటోంది నా చెల్లెలు. సరే, దానికే బాగా గుర్తు, ఇరవై నాలుగని రాయిస్తున్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆకలేసింది. కూత వినపడితే పొయ్యి వెలిగిస్తానని మా అమ్మ అంది, అందుకని లాగాను. నన్నెవరూ పంపలేదు. నాకెవరూ ఏమీ ఇవ్వలేదు. బాయిలర్ గది మనిషి ఆ సమయానికి పెరట్లో బొగ్గు ఎత్తుతున్నాడు. నన్ను ఇంటికి పంపి, తన చెయ్యి జారిందని చెప్పాడు.

ఇక్కడ నా కొడుకు కలం ఆపాడు. ఇది మూడోసారి. మొదటిసారి లేచి వెళ్ళి కిటికీ తలుపు మూసొచ్చాడు. రెండోసారి మంచినీళ్ళు తాగొచ్చాడు. ఇప్పుడు అడుగుతున్నాడు, "ఇది పంపకపోతే ఎవరికీ తెలియదు కదమ్మా?" అని. తెలియదురా. డెబ్బై ఏళ్ళు తెలియలేదు. తెలియకపోవడం వల్ల ఎవరికి ఏమైందో నీ ఎదురుగా కూర్చుంది, అడుగు అన్నాను. మళ్ళీ కలం పట్టుకున్నాడు.

మా నాన్నని తక్కువ చేయడానికి ఇది రాయించడం లేదు. ఆయన మంచి నాయకుడు. ఇరవై నాలుగు రోజులు ఆరువందల మందిని నిలబెట్టాడు. ఆయన తమ్ముడు పుట్టి బుద్ధెరిగాక ఆడింది ఒకటే అబద్ధం. మా నాన్న దాన్నే నమ్మాడు.

నేను అడుగుతున్నవి ఇవి. ఆ వాక్యం చెక్కకండి. పేర్లు నలభై రెండు చేయండి. ఆ సమ్మెలో ఉద్యోగం, ఇల్లు, ఊరు, అన్న, అన్నీ పోగొట్టుకున్న మనిషి ఇంకొకడున్నాడు. ఆయన పేరు అక్షరాలు తప్పు పోకుండా విడి కాగితం మీద నా చెల్లెలు రాసిచ్చింది, దీంతో జతచేస్తున్నాం. చివర పెడతారో, మా నాన్న పక్కన పెడతారో మీ ఇష్టం. పక్కన పెడితే మా నాన్నకి ఇబ్బంది అంటారేమో. పడనివ్వండి.

ద్రోహి అని ఎవరినో ఒకరిని చెక్కకపోతే రాయి నిండదు అనుకుంటే నన్ను చెక్కండి. గయ్యాళక్క అని చెక్కితే వీధికి తెలుస్తుంది.

నా కొడుకు వేదిక మీద మాట్లాడతాడో లేదో వాడే చెప్తాడు. వాడి తాత గురించి నేను చెప్పినవన్నీ నిజమే. ఒకటి చెప్పలేదు, అంతే. ఇప్పుడు చెప్పాను. వాడు నా మొహం చూడటం లేదు, కాగితం మీదే చూస్తున్నాడు. చూడనీ. నేను మాత్రం వాడినే చూస్తూ ఇదంతా చెప్పాను.

చదివి వినిపించారు. నేను చెప్పింది ఇదే.

ఎడమ చేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:

ఆమె కొడుకు. రాసింది నేనే. తప్పు పోయిన చోట కొట్టేసి మళ్ళీ రాశాను, చెప్పింది మార్చలేదు.

బాయిలర్ గది మనిషి కూతురు. నిన్న మధ్యాహ్నం బస్సులో వచ్చాను. ఆమె చెప్తున్నంతసేపూ ఎదురుగా కూర్చున్నాను. ముద్ర వేసేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని వేయించాను.